మధ్యలో నిలబడ్డవాళ్ల మాట

(ఆంధ్ర నుంచి చెన్నై ఆసుపత్రులకు వచ్చే రోగులకు తోడుండే తెలుగు వాలంటీర్ల శిక్షణ తరగతిలో, పదవీ విరమణ చేసిన ఒక వార్డు సిస్టర్ మాట్లాడింది. రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు ముందుకి వచ్చేయండి, ఫ్యాన్లు కూడా ఈ వరసలోనే తిరుగుతున్నాయి. మైకు నాకు అలవాటు లేదు. వార్డులో ఈ చివర నుంచి ఆ చివరకి వినపడేలా అరిచి అరిచి నా గొంతే మైకైపోయింది. (నవ్వులు)

నాకిచ్చిన కాగితంలో ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ అని ఉంది. ఆ పేరుతో క్లాసులు ఉద్యోగంలో ఉండగా చాలానే విన్నాను. నవ్వుతూ మాట్లాడండి, కళ్లలోకి చూడండి, చేతులు కట్టుకుని నిలబడకండి. తప్పేం లేదు, పాటించండి. కానీ మీ పని వేరు. మీరు డాక్టరు కాదు, పేషెంటూ కాదు. గూడూరులోనో కావలిలోనో తెల్లవారుజామున రైలెక్కి సెంట్రల్లో దిగిన మనిషికీ, తమిళం, ఇంగ్లీషు తప్ప రాని డాక్టరుకీ మధ్యలో నిలబడతారు. ఆ మధ్యలో మాటకి ఏం జరుగుతుందన్నదే ఇవాళ చెప్తాను. అయితే ఆసుపత్రి దగ్గర కాకుండా విమానం దగ్గర మొదలుపెడతాను, ఏమనుకోకండి.

1990 జనవరి 25. కొలంబియా నుంచి న్యూయార్కుకి ఏవియాంకా విమానం ఒకటి వస్తోంది. ఫ్లైట్ నంబరు 52, బోయింగ్ 707. లోపల 158 మంది. ఆ రాత్రి అక్కడ వాతావరణం బాగాలేదు, విమానాలన్నీ పైన వరసకట్టి చక్కర్లు కొడుతున్నాయి. దీన్నీ మూడు చోట్ల ఆపి తిప్పారు. అన్నీ కలిపి గంటా పదిహేడు నిమిషాలు. పెట్రోలు అడుగంటింది.

రేడియోలో కంట్రోలరుతో మాట్లాడే పని కోపైలట్‌ది. కెప్టెనుకి ఇంగ్లీషు అంతంతమాత్రం. వాళ్లిద్దరి మధ్య స్పానిష్, కింద కంట్రోలరుతో ఇంగ్లీషు. ఇప్పుడు చెప్పండి, ఆ కోపైలట్ ఎవరు? మీరే.

ఒకసారి దిగబోయారు, గాలి తోసేసింది, కుదరలేదు. మళ్లీ పైకి లేపారు. అప్పుడు కెప్టెన్ స్పానిష్‌లో అన్నాడు: ‘ఎమర్జెన్సీలో ఉన్నామని వాళ్లకి చెప్పు’. కోపైలట్ రేడియో అందుకున్నాడు. ఏ దిక్కుకి తిరగమన్నారో ఆ అంకె ముందు అప్పజెప్పాడు. ఆ చివర్న, ‘మళ్లీ ఒకసారి ట్రై చేస్తాం, పెట్రోలు అయిపోతోంది’ అని తోక తగిలించాడు. కంట్రోలరు ‘ఓకే’ అన్నాడు. కెప్టెన్ మళ్లీ అడిగాడు: ఎమర్జెన్సీ అని చెప్పావా? ‘చెప్పాను సార్’ అన్నాడు కోపైలట్. చెప్పలేదు. ఆ మాట రేడియోలోకి ఒక్కసారి కూడా వెళ్లలేదు.

అబద్ధం ఆడాడా? నేననుకోను. తన లెక్కలో తను చెప్పాడు. పెట్రోలు అయిపోతోందంటే ఎమర్జెన్సీ కాకపోతే మరేమిటి? కానీ కింద ఉన్నవాడికి ఆ రాత్రి ప్రతి విమానమూ పెట్రోలు గురించే చెప్తోంది. గంటల తరబడి ఆకాశంలో తిరిగితే ఎవరికైనా పెట్రోలు తగ్గుతుంది కదా. ‘ఎమర్జెన్సీ’ అనే ఒక్క మాట వింటే మాత్రం అతను ఉన్నపళంగా మిగతా అందరినీ పక్కకి జరిపి దీనికి దారివ్వాలి. ఆ మాటకి ఆ బలం ఉంది, మిగతా మాటలకి లేదు.

తర్వాత ఇంకో కంట్రోలరు, పదిహేను మైళ్లు తీసుకెళ్లి వెనక్కి తిప్పుతాను, మీకూ మీ పెట్రోలుకూ ఇది సరిపోతుందా అని అడిగారు. నోటితో అడిగారు! దానికి కోపైలట్ ‘అనుకుంటానండి, చాలా థ్యాంక్స్’ అన్నాడు. కాసేపటికి ఒకదాని తర్వాత ఒకటి ఇంజన్లు ఆగిపోయాయి. లాంగ్ ఐలాండ్‌లో కోవ్ నెక్ అనే చోట చెట్ల మధ్య కొండవాలు మీద పడింది. 73 మంది పోయారు. మంటలు రాలేదు. ట్యాంకుల్లో అంటుకోవడానికి ఏమీ మిగల్లేదు.

‘చాలా థ్యాంక్స్’. ఆ మాట చదివినప్పుడు నాకు మన ఓపీ గుర్తొచ్చింది. కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతూ వచ్చిన మనిషిని డాక్టరు ‘ఎలా ఉంది?’ అంటే, చేతులు జోడించి ‘మీ దయ సార్’ అంటాడు. మనవాళ్లకి పెద్దవాళ్ల ముందు బాధ గట్టిగా చెప్పడం అమర్యాద. నొప్పించక తానొవ్వక తప్పించుకు తిరగమని చిన్నప్పుడే నూరిపోశారు మనకి. పెళ్లిపందిట్లో అది మంచి సలహా. ఓపీలో కాదు.

పేషెంటు సగం తగ్గించి మీకు చెప్తాడు. డాక్టరు తొందరలో ఉన్నాడని మీరు ఇంకో సగం తగ్గిస్తారు. డాక్టరుకి చేరేది పావు. ఆయన ఆ పావుకి తగ్గ మందే రాస్తాడు, ఆయన తప్పు కాదది.

అలాగని గట్టిగా అరవమనడం లేదు. మా వార్డులో ప్రతి అటెండరూ ‘చాలా అర్జెంటు సిస్టర్, వెంటనే రండి’ అనేవాడే. సెలైన్ సీసా అయిపోయినా అర్జెంటే, ఆయాసం వచ్చినా అర్జెంటే, దుప్పటి మార్చాలన్నా అర్జెంటే. రోజుకి వందసార్లు వింటే ఆ మాట చెవికి తగలదు. ఆ రాత్రి న్యూయార్కులో పెట్రోలు మాటకి పట్టిన గతే దీనికీ పట్టింది. అందుకని మీరు ‘చాలా’, ‘బాగా’, ‘అర్జెంటు’ ఇవన్నీ ఇంట్లో పెట్టి రండి. కళ్లకి కనపడేదీ, గడియారంలో కొలిచేదీ చెప్పండి. ‘ఈయనకి ఇబ్బందిగా ఉందట డాక్టర్’ అనకండి. ‘నిన్న రాత్రి పది నుంచి ఈయనకి ఒంటికి రాలేదు’ అనండి. డాక్టరు తలెత్తుతాడు. ‘నీరసంగా ఉంది’ కాదు, ‘మంచం మీంచి బాత్రూం దాకా నడవలేక మధ్యలో కూర్చుండిపోతోంది, పోయిన వారం దాకా నడిచేది’. కోపైలట్ కూడా ‘ఇంకో ఇన్ని నిమిషాలే గాల్లో ఉండగలం’ అని అంకె చెప్పుంటే కథ వేరేగా ఉండేదేమో.

ఇక్కడే ఇంకో చిక్కుంది. మన పేషెంట్లు వట్టి బాధతో రారు, దానికి పేరు పెట్టుకుని మరీ వస్తారు. గ్యాస్. నిమ్ము. వేడి చేసింది. నరాల బలహీనత. వాతం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక పేరు పెడతాడు, మెడికల్ షాపువాడు ఇంకోటి పెడతాడు, చెన్నై వచ్చేటప్పటికి ఆ పేరే ఆయన రోగం.

నెల్లూరు జిల్లా నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజాన కండువా, పక్కన కొడుకు. ఏంటి నాయనా బాధ అంటే ‘గ్యాస్ పట్టిందమ్మా, పైకి తంతోంది’ అన్నాడు. కూడా వచ్చిన తెలుగు కుర్రాడు, బాగా చదువుకున్నవాడే, డాక్టరుకి ‘గ్యాస్ట్రిక్ ప్రాబ్లెం’ అని చెప్పేశాడు. ఇంగ్లీషులో చక్కగా, తప్పు లేకుండా. అక్కడున్న హౌస్‌సర్జన్ అమ్మాయి చిన్నదైనా గట్టిది. ‘ఎక్కడో చెయ్యి పెట్టి చూపించమనండి’ అంది. పెద్దాయన పొట్ట మీద పెట్టలేదు. పిడికిలి బిగించి రొమ్ము మధ్యలో ఆనించాడు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగలేదు, ఈసీజీకి పంపింది. అది గ్యాస్ కాదు.

ఆ కుర్రాడు అబద్ధం చెప్పాడా? పేషెంటు అన్నదే చెప్పాడు. కానీ పేషెంటు చెప్పింది బాధ కాదు, బాధ గురించి తన అభిప్రాయం. అభిప్రాయం ఇంగ్లీషులోకి మారగానే రోగ నిర్ధారణ లాగా వినిపిస్తుంది. ‘గ్యాస్’ అంటే ఊరి మాట, ‘గ్యాస్ట్రిక్ ప్రాబ్లెం’ అంటే ఎవరో డాక్టరు అప్పటికే చూసి తేల్చినట్టు ఉంటుంది. అందుకని పేరు వినగానే ఆగండి. ఎక్కడ? చూపించమనండి. ఎప్పటి నుంచి? నడిస్తే ఎక్కువవుతుందా, అన్నం తింటేనా? చెమటలు పట్టాయా? ఎడం చెయ్యి లాగుతోందా? షుగర్ ఉన్నవాళ్లకీ, ఆడవాళ్లకీ గుండె జబ్బు చాలాసార్లు రొమ్ములో నొప్పిగా రాదు. ఆయాసం, వాంతి, ఒట్టి నీరసం, అంతే. వాళ్లు గ్యాస్ అన్నప్పుడు ఇంకా జాగ్రత్తగా వినాలి. డాక్టరుకి చెప్పేటప్పుడు ‘ఈయన దీన్ని గ్యాస్ అంటున్నాడు, కానీ చూపించే చోటు ఇది’ అని రెండూ చెప్పండి. పేషెంటు మాట మింగెయ్యద్దు, దాన్నే రోగం చెయ్యద్దు.

సరే, ఇది కింద నుంచి పైకి వెళ్లే మాట. పై నుంచి కిందకి వచ్చేదాని సంగతి చూద్దాం.

డాక్టరు చెప్తాడు, మీరు తెలుగులో చెప్తారు, పేషెంటు తలూపుతాడు. ‘అర్థమైందా?’ అంటారు. ‘అలాగేనండి’ అంటాడు. అయిపోయిందనుకుంటారు. మన భాషలో ‘అలాగే’ అంటే అర్థమైందని కాదు. ‘మీరు పెద్దవాళ్లు, మీ మాట కాదనను’ అని. విననే వినని మాటకి కూడా మనం అలాగే అంటాం, మా ఆయన నలభై ఏళ్లుగా అంటున్నాడు. (నవ్వులు)

మళ్లీ విమానాలే, కాస్త ఓర్చుకోండి. 1977 మార్చి 27న టెనెరిఫ్ అనే ద్వీపంలో రన్‌వే మీద రెండు జంబో విమానాలు గుద్దుకున్నాయి, 583 మంది పోయారు. విమానాల చరిత్రలో అంత పెద్ద ప్రమాదం ఇప్పటికీ లేదు. పొగమంచులో ఒక విమానం ‘టేకాఫ్ దగ్గరున్నాం’ అంది. కంట్రోలరు అది గాల్లోకి లేవడానికి సిద్ధంగా ఉందనుకుని ‘ఓకే’ అన్నాడు. అది అప్పటికే పరుగెడుతోంది. ఆ ‘ఓకే’ వెనకాల ‘ఆగండి, నేను పిలుస్తాను’ అని కూడా అన్నాడు, కానీ సరిగ్గా అప్పుడే ఇంకో విమానం మాట అడ్డొచ్చి రేడియోలో కీచుమంది, అంతే. ఆ తర్వాత ‘టేకాఫ్’ అనే మాట గాల్లోకి లేవమని అనుమతి ఇచ్చేటప్పుడు, ఇచ్చింది రద్దు చేసేటప్పుడు తప్ప రేడియోలో వాడకూడదని నియమం పెట్టారు. ఓకే అంటే చాలదు, విన్న ఆజ్ఞని మాటకి మాట తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పకపోతే విన్నట్టు కాదు.

మనకి కావలసింది అదే. కానీ పేషెంటుని బడిపిల్లాణ్ని అడిగినట్టు ‘ఏదీ, చెప్పు చూద్దాం’ అంటే చిన్నబుచ్చుకుంటాడు. నేను ఇలా అడిగేదాన్ని: ‘పెద్దాయనా, ఇంటికెళ్లగానే కోడలు అడుగుతుంది కదా, డాక్టరు ఏమన్నాడని? ఏం చెప్తారు?’ అప్పుడు బయటపడుతుంది, ఏం చేరిందో ఏం చేరలేదో.

ఎందుకంత పట్టుదల అంటారా? ఆపరేషన్ ముందు రోజు రాత్రి మేం ఒక మాట చెప్తాం. ‘రేపు పొద్దున ఏమీ తినకూడదు’. ఇంత తేలిక మాట ఇంకోటి లేదు. పొద్దున్నే థియేటర్‌కి పంపేముందు అడుగుతాం, ఏమైనా తిన్నావా అమ్మా? ‘అయ్యో, మెతుకు ముట్టలేదు సిస్టరమ్మా. ఒక్క కాఫీ తాగాను, అంతే’. ఆవిడ దృష్టిలో నిజమే చెప్పింది. మనింట్లో కాఫీ తిండి కాదు. కాఫీ తాగాక కూడా ‘పొద్దుట్నుంచి ఏమీ తినలేదు’ అనే అంటాం. కానీ మత్తు డాక్టరు లెక్కలో పాలు పోసిన కాఫీ తిండి కిందే జమ, ఆరు గంటలు ఆగాలి. మంచినీళ్లయితే రెండు గంటలు చాలు. కడుపులో ఉన్నది మత్తులో ఉండగా పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకొస్తుంది. ఆ కాఫీ వల్ల ఆ రోజు ఆపరేషన్ వాయిదా. ఊరి నుంచి అప్పుచేసి వచ్చినవాళ్లకి లాడ్జి అద్దె ఇంకో రోజు. తప్పెవరిది? చెప్పినావిడ తిండి అంది, విన్నావిడా తిండే అనుకుంది. ఇద్దరి తిండీ ఒకటి కాదు. ఆ రాత్రి ఎవరైనా ‘అయితే పొద్దున లేచాక ఏం చేస్తావమ్మా?’ అని అడిగుంటే, ‘మొహం కడుక్కుని, ఓ కాఫీ తాగి కూర్చుంటా’ అని ఆవిడే చెప్పేది.

షుగర్ కంట్రోల్లోకి వచ్చిందని డాక్టరు సంతోషంగా చెప్తే, తగ్గిపోయింది కదా అని మాత్ర మానేసినవాళ్లు మీకు బోలెడుమంది కనపడతారు. బయాప్సీ ‘నెగిటివ్’, అంటే క్యాన్సర్ కనపడలేదు, అనగానే అది చెడ్డ కబురనుకుని బెంచీ మీద కూలబడి ఏడ్చేవాళ్లూ కనపడతారు. వాటి మీద ఎక్కువసేపు ఉండను, ఒక్కసారి చూస్తే మీకే తెలుస్తుంది.

చెన్నైలో మనకి ప్రత్యేకంగా ఒక గొయ్యి ఉంది, అది మాత్రం చెప్పాలి. తమిళం, తెలుగు పక్కపక్క భాషలు, సగం మాటలు ఒకేలా వినపడతాయి. అదే ప్రమాదం. స్కాన్ చూసి తమిళ సిస్టర్ ‘ఇప్పో అవసరం ఇల్లె, రెండు వారం కళిచ్చు వాంగ’ అంటుంది. మనవాడికి తమిళం రాదు కానీ ఆ రెండు మాటలు ముక్కస్య ముక్కగా అర్థమయ్యాయి: అవసరం లేదు! హమ్మయ్య అని రైలెక్కేస్తాడు. తమిళంలో అవసరం అంటే తొందర. ఆవిడ అన్నది ‘తొందరేం లేదు, రెండు వారాలాగి రండి’ అని. ‘రావాల్సిన పనే లేదు’ అని ఈయన విన్నాడు. అసలు అర్థం కాని భాష అయితే ఎవరినైనా అడిగేవాడు. అర్థమైనట్టు అనిపించింది కాబట్టి అడగలేదు. మీలో చెన్నైలోనే పుట్టి పెరిగినవాళ్లు ఇంకా జాగ్రత్త, మన ఇళ్లలో రెండు భాషలూ కలిసిపోయి ఏది ఏ భాషో మనకే తెలీదు. నా మాటలో కూడా తమిళం దొర్లుతుంది, మా అత్తగారి ఊరి చుట్టాలు నవ్వుతారు.

కాగితాల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొన్నిచోట్ల తెలుగులో కన్సెంట్ ఫారం ఇస్తారు, సంతోషమే. చదివితే ఎలా ఉంటుందంటే: ‘శస్త్రచికిత్సానంతరము సంభవింపగల దుష్పరిణామములను గూర్చి నాకు సంపూర్ణముగా వివరింపబడినది’. దానికి ఇంగ్లీషు ఫారమే నయం, తెలీదని తెలుస్తుంది. బడిలో, పుస్తకాల్లో జనం మాట్లాడే తెలుగు ఉండాలని గిడుగు రామమూర్తి గారు వందేళ్ల కిందట ఈ మద్రాసు పండితులతో, యూనివర్సిటీతో పోట్లాడారు. పేపర్లలో, కథల్లో ఆయన గెలిచాడు. ఆసుపత్రి కాగితంలోకి ఆయనింకా రాలేదు. అందుకని ఆ కాగితం మీరు చదివి వినిపిస్తే చాలదు. పక్కన పెట్టి, ‘ఆపరేషన్ అయ్యాక ఇవి జరగొచ్చు’ అని మామూలు మాటల్లో చెప్పండి, అప్పుడు సంతకం.

అంకెలు చెప్పాల్సి వచ్చినప్పుడు మరీ జాగ్రత్త. 1982లో అమెరికాలో బార్బరా మెక్‌నీల్ అనే డాక్టరు, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే సైకాలజిస్టు, ఇంకో ఇద్దరు కలిసి ఒక పరిశోధన చేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిందనుకోండి, ఆపరేషనా, రేడియేషనా, ఏది కోరుకుంటారు అని అడిగారు. కొందరికి బతికే లెక్క చెప్పారు: ఆపరేషన్ చేయించుకున్న వంద మందిలో తొంభై మంది ఆ గండం గట్టెక్కుతారు. కొందరికి అదే లెక్క తిరగేశారు: వంద మందిలో పది మంది ఆపరేషన్‌తో పోతారు. బతికే లెక్క విన్నవాళ్లలో రేడియేషన్ కావాలన్నవాళ్లు నూటికి 18 మంది. చావు లెక్క విన్నవాళ్లలో 44 మంది. ఒకే లెక్క! అడిగినవాళ్లలో డాక్టర్లు కూడా ఉన్నారు, వాళ్లూ అలాగే ఊగారు. కాబట్టి డాక్టరు తొంభై అన్నాడని మీరు తొంభైతో ఆపితే, మీకు తెలియకుండానే ఆ కుటుంబం తరఫున ఓటేసేసినట్టే. తొంభై మందికి బాగుంటుంది, పది మందికి ఉండదు. రెండూ ఒకే ఊపిరిలో చెప్పండి. పర్సెంటు అనకండి, వంద మంది అనండి. వంద మందినైతే ఊరివాళ్లు కళ్ల ముందు ఊహించుకోగలరు, పెళ్లి భోజనాలకి లెక్కేసుకునేవాళ్లే కదా.

మీకో సందేహం వస్తుంది. మెత్తగా చెప్పొద్దంటున్నావు, మరి పేషెంటు భయపడడా అని. భయం సంగతి నేను కాదనను. 2010లో ఒక పరిశోధన వచ్చింది. కాన్పుకొచ్చిన 140 మంది ఆడవాళ్లు. నడుంలో మత్తు సూది ఇచ్చేముందు అక్కడ చర్మానికి తిమ్మిరి రావడానికి చిన్న సూది వేస్తారు. సగం మందికి ‘పెద్ద తేనెటీగ కుట్టినట్టుంటుంది, అన్నిటికంటే కష్టం ఇదే’ అని చెప్పి వేశారు. మిగతావాళ్లకి ‘ఇది ఆ చోటంతా మొద్దుబారేలా చేస్తుంది, తర్వాత మీకు హాయిగా ఉంటుంది’ అని చెప్పారు. సూది ఒకటే. పదికి నొప్పి ఎంత అంటే తేనెటీగ విన్నవాళ్లు ఐదు అన్నారు, రెండో మాట విన్నవాళ్లు మూడు. అంటే మాట నిజంగానే నొప్పి పెడుతుంది. కానీ గమనించండి, రెండోవాళ్లకి అబద్ధం చెప్పలేదు. సూది లేదనలేదు. ఏం జరుగుతుందో, ఎందుకో చెప్పారు. గొంతు ఎంత మెత్తగానైనా ఉండనివ్వండి, సంగతిలో మాత్రం మెతుకు కూడా తియ్యకండి. నా బాధంతా మనవాళ్లు దీన్ని తిరగేస్తారని. గొంతు కరుకుగా పెట్టి సంగతి దాస్తారు.

వినడం గురించి ఒక్క ముక్క. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు లెక్కగట్టారు, పేషెంటు చెప్పడం మొదలుపెట్టాక డాక్టరు సగటున పద్దెనిమిది సెకన్లకి అడ్డం వస్తున్నాడని. మనం ఆ పద్దెనిమిదిలో కూడా అడ్డం వస్తాం. ఇంకా చివర్న అడిగే మాట. డాక్టరు పెన్ను మూసి, సగం లేచి, ‘ఇంకేమైనా ఉందా?’ అంటాడు. దానికి సరైన జవాబు ‘లేదండి’ అని అందరికీ తెలుసు. 2007లో జాన్ హెరిటేజ్ అనే ఆయన బృందం కొందరు డాక్టర్లని ‘ఇంకేమైనా చెప్పాలా’ అన్న ధోరణిలో, కొందరిని ‘ఇంకో సంగతి చెప్పాలనుకున్నారు కదా’ అన్న ధోరణిలో అడగమంది. ఇంగ్లీషులో ఒక్క మాటే తేడా. రెండు మూడు బాధలతో వచ్చినవాళ్లలో మొదటి ప్రశ్నకి ఉంది అన్నవాళ్లు నూటికి 53 మంది, రెండో ప్రశ్నకి 90 మంది. మనకి ఇంకా తేలిక. ‘ఇందాక బయట ఇంకేదో అంటున్నారు కదమ్మా, అది కూడా చెప్పండి’ అనండి. బయట ఏదో ఒకటి అనే ఉంటారు. (నవ్వులు) ఆడవాళ్లయితే అసలు బాధ ఆ చివరి మాటలోనే ఉంటుంది, మగ డాక్టరు ముందు సిగ్గుపడి మోకాళ్ల నొప్పితో మొదలుపెడతారు.

ఏంటమ్మా, అడుగు.

(సభలో ఒక యువతి: పేషెంటుకి క్యాన్సర్ అని చెప్పొద్దని ఇంట్లోవాళ్లు మనచేత ఒట్టు వేయించుకుంటారు మేడమ్. అప్పుడేం చెయ్యాలి?)

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. కొడుకు మిమ్మల్ని పక్కకి పిలిచి, ‘అక్కా, నాన్న తట్టుకోలేడు, అల్సర్ అని చెప్పు’ అంటాడు. ప్రేమతోనే అంటాడు, వాణ్ని తిట్టకండి. కానీ ఒట్టు వెయ్యకండి. చట్టం కూడా తెలుసుకోండి. 2008లో సుప్రీంకోర్టుకి ఒక కేసు వచ్చింది. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన పేషెంటుకి, బయట ఉన్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. ఆవిడ మైనరు కాదు, కాసేపట్లో మెలకువ వచ్చేది, ప్రాణాపాయం లేదు, తల్లి సమ్మతి చెల్లదు అంది కోర్టు. ఒళ్లు ఎవరిదో సమ్మతీ వాళ్లదే. అల్సర్ అనుకునే మనిషి కీమోకి సంతకం పెడితే ఆ సంతకానికి అర్థం ఏముంది?

అలాగని మీరెళ్లి చెప్పేయకండి, అది మీ పని కాదు, డాక్టరు పని. కొడుకుతో ఇలా అనండి: ‘నాయనా, నా అంతట నేను చెప్పను. కానీ ఆయన నన్ను సూటిగా అడిగితే అబద్ధం చెప్పను. డాక్టరు లోపల ఏమంటే నేను అదే చెప్తాను. నీ భయమేంటో ముందు నువ్వే వెళ్లి డాక్టరుతో మాట్లాడు’. లోపలికెళ్లాక డాక్టరు పేషెంటుని అడగాలి, మీ జబ్బు గురించి మీకేం తెలుసు, ఎంతవరకు తెలుసుకోవాలనుంది అని. మంచి డాక్టర్లు అక్కడే మొదలుపెడతారు. ‘నాకొద్దు, మావాడితో చెప్పండి’ అంటే అది కూడా ఆయన హక్కే. ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి, కొడుకు నోటి నుంచి కాదు.

ఇంకోటి. మీరు దాస్తున్నది చాలాసార్లు ఆయనకి తెలిసే ఉంటుంది. అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ముత్తులక్ష్మి రెడ్డి గారు 1954లో పెట్టింది. నెల్లూరు వైపు ‘అడయారు తీసుకెళ్లారట’ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు, ఊరికంతా తెలిసిపోతుంది. ఒకాయన్ని కొడుకులు పుండుకి వైద్యమని తీసుకొచ్చారు. వాళ్లు మందులకి వెళ్లగానే నన్ను పిలిచి, ‘సిస్టరమ్మా, అడయారు తెచ్చాక పుండేంటమ్మా? పిల్లోళ్లు బాధపడతారని నాకు తెలీనట్టే ఉన్నా. పొలం రాతకోతలు చెయ్యాల్సింది ఉంది, డాక్టర్ని ఎన్ని నెల్లో అడిగి చెప్పు’ అన్నాడు. అటు వాళ్లు నాటకం, ఇటు ఈయన నాటకం. మధ్యలో పొలం ఆగిపోయింది. ఆ రోజు సాయంత్రం రౌండ్స్‌కి డాక్టరు రాగానే ఆయన మంచం దగ్గరే అందరినీ నిలబెట్టి, ‘ఈయన మిమ్మల్ని ఒకటి అడగాలంటున్నారు డాక్టర్’ అన్నాను. అంతే నేనన్నది.

టీ వచ్చినట్టుంది. తాగి వచ్చి ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకళ్లు కావలి పెద్దమ్మ, ఒకళ్లు వాలంటీరు. పెద్దమ్మకి ఏం రోగమో నేను చెవిలో చెప్తాను, ఆవిడ మాత్రం మోకాళ్ల నొప్పి అనే మొదలుపెట్టాలి. డాక్టరుగా నేనే కూర్చుంటాను. తమిళంలోనే మాట్లాడతాను, గడియారం చూసుకుంటూ. ఎవరు ముందొస్తారు? నువ్వు రా అమ్మా, ప్రశ్న అడిగావు కదా.